బడి భాషా, బిడ్డ భాషా

రేపల్లె నుంచి తెనాలికి వచ్చే పాసింజరు బండిలో తల్లుల మాటలు విన్నవారికి విద్యాశాఖ నివేదికలు చదవవలసిన అవసరం అంతగా వుండదు. మొన్న భట్టిప్రోలు దాటేసరికి ఒకామె మొదలుపెట్టింది.

"మావాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేశాం అక్కా. మూడో తరగతికొచ్చినా ఒక్క ముక్క చదవటం రాలా. టీచరమ్మేమో వాడి బుర్రలోనే ఏదో లోపమంటంది."

"బుర్రలో లోపమేం గాదు, మీడియంలోనే లోపం. మావాడికీ అట్టాగే వుంటే తెలుగు బళ్ళోకి మార్పించాం."

"మారిస్తే వచ్చిందా?"

"కొంచెం నయం. నిదానంగానే చదువుతాడనుకో."

కిటికీ పక్కన కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మూడో ఆమె అప్పటిదాకా మాట్లాడలేదు. "మా పిల్లకు ఏ మీడియమైనా ఒకటేనమ్మా, చెవులు వినపడవు. బాపట్ల బళ్ళో వెయ్యమంటున్నారు. ఏడేళ్ళ పిల్లను అక్కడ వదిలి నేనెట్టా వుండేది?" అన్నది. దానికెవరూ జవాబు చెప్పలేదు. వేమూరు వచ్చింది.

ఈ సంభాషణలో రెండు సమస్యలున్నవని మనం సాధారణంగా అనుకుంటాం. ఒకటి బోధనభాష సమస్య. దానిమీద మనవాళ్ళు వ్రాసిన వ్యాసాలకు లెక్కలేదు. రెండవది వైకల్యం గల పిల్లల చదువు. దీనిమీద వ్యాసాలు బహు తక్కువ, సానుభూతి మాత్రం పుష్కలం. మొదటిది రాజకీయం, రెండవది ధర్మకార్యం అన్నట్టుగా మన ఆలోచన నడుస్తున్నది. కాని చరిత్రలోకి వెళ్ళి చూస్తే ఈ రెండూ ఒకే వేరునుంచి వచ్చినవని కనిపిస్తుంది. బడి తన భాషను ముందుగా తానే నిర్ణయించుకుంటుంది. ఆ భాష అందని పిల్లవాణ్ణి తరువాత లోపం గలవాడుగా లెక్కకడుతుంది. ఆ భాష గ్రాంథికమా, ఇంగ్లీషా, నోటిమాటా అన్నది కాలాన్నిబట్టి మారింది. లెక్క మాత్రం మారలేదు. పైన చెప్పిన ముగ్గురు తల్లులూ మూడు బాధలు చెప్పుకున్నామనుకున్నారు గాని నిజానికి వారు చెప్పుకున్నది ఒకటే.

1913వ సంవత్సరం నుంచి మొదలుపెడదాం. ఆ ఏడు మే 26న బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. బి. ఎన్. శర్మ అధ్యక్షుడు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక ఒక మహాసభ వేదికమీద చర్చకు వచ్చిన ఆ ఘట్టాన్ని మన చరిత్రకారులందరూ వ్రాశారు, వ్రాయవలసినదే. కాని తెలుగువారి భాషకోసం పెద్దలు సమావేశమైన ఆ రోజులలోనే, తెలుగు బడిలో ఏ తెలుగు వుండాలన్న విషయం మీద అదే పెద్దలు రెండుగా చీలి పోట్లాడుకుంటున్నారు. స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లలు వ్యాసాన్ని వాడుక భాషలో వ్రాయవచ్చునన్న చిన్న వెసులుబాటు ఆ కాలంలోనే వచ్చింది. పండితులు కత్తులు దూశారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు నాయకత్వాన, వాడుక భాష వస్తే తెలుగు చెడిపోతుందని పోరాడింది. వెసులుబాటు నిలవలేదు. పాఠ్యపుస్తకాలు మనుషులు మాట్లాడే తెలుగులోకి రావడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది.

ఈ వివాదాన్ని మనం సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా చదువుకొని వదిలేశాం. గిడుగు రామమూర్తి పంతులు దాన్ని సాహిత్యంతో మొదలుపెట్టలేదు, బడితో మొదలుపెట్టాడు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట బడిలో తప్పు, బడిలో వ్రాసే మాట ఊళ్ళో ఎవరూ పలకరు. ఇటువంటి బడిలో చదువు రానివాడు తెలివితక్కువవాడని ఎట్లా తేలుస్తారన్నది ఆయన వాదంలోని ప్రాణం. గ్రాంథికం రాని పిల్లవాణ్ణి ఆనాటి బడి "మొద్దు" అన్నది. ఇప్పటి మాటలు ఇంకొంచెం మర్యాదగా వుంటవి.

గిడుగు జీవితంలో మరొక సంగతి వుంది. దాన్ని మనవాళ్ళు కష్టాల పట్టికలో ఒక పంక్తిగా చెప్పి దాటిపోతారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వుంటూ ఆయన సవరల భాష నేర్చుకున్నాడు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశాడు. ఆ పనిమీద అడవులలో తిరిగి మలేరియా జ్వరం తెచ్చుకున్నాడు. జ్వరానికి వాడిన క్వినైనువల్ల ఆయనకు చెవుడు వచ్చింది. నోటి భాషే భాష అని జీవితమంతా వాదించిన మనిషికి ఎదుటివాని నోటిమాట వినపడేది కాదు. 1931లో సవర వ్యాకరణాన్నీ, 1938లో సవర నిఘంటువునూ ప్రకటించినది ఆ చెవిటి మనిషే. వినికిడి పోయినంతమాత్రాన భాష పోదని చెప్పడానికి మనకు పరదేశాల ఉదాహరణలు వెతకవలసిన పని లేదు. అయితే ఆయనకు భాష వచ్చిన తరువాత చెవుడు వచ్చింది. రైలులోని ఆ ఏడేళ్ళ పిల్ల విషయం వేరు, దానికి తరువాత వస్తాను.

అదే 1913లో, బాపట్ల నుంచి చీరాల పోయే రైలు దారిలో స్టువార్టుపురం వెలిసింది. మహాసభ జరిగిన చోటికి అది కొద్ది మైళ్ళ దూరం. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువార్టు పేరు దానికి పెట్టారు. పాలన సాల్వేషన్ ఆర్మీ చేతిలో. అక్కడికి చేర్చినది ఎరుకలవారిని. వారు పశువుల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకొని ఊరూరా అమ్ముకొని బ్రతికినవారు. రైళ్ళు వచ్చి, ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి పోయి, వారి బ్రతుకుతెరువు కూలిపోయింది. తెరువు తీసేసిన ప్రభుత్వమే 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద వారిని పుట్టు నేరస్థులన్నది. చీరాల పొగాకు కర్మాగారానికి కావలసిన కూలీలు కొందరు ఈ సెటిల్మెంటునుంచే పోయారంటే దాని ఆర్థిక సూత్రం అర్థమవుతుంది.

మన విషయానికి కావలసినది అక్కడి పిల్లల సంగతి. ఆ చట్టంలోని 17వ సెక్షను ప్రకారం పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలోనో సంస్కరణ పాఠశాలలోనో వుంచవచ్చు. "మామూలు" పిల్లలతో కలిపి చదివించడానికి తగరని ప్రభుత్వమే తేల్చిన పిల్లలకు ప్రత్యేకమైన బడి అనే ఏర్పాటు మన సీమలో ఈ రూపంలో కూడా వచ్చింది. దానికి మూలం పిల్లల అవసరం కాదు, ప్రభుత్వ భయం. ఎరుకలవారి ఇంటిభాష వేరు. దానికి లిపి లేదు, బడిలో చోటూ లేదు. బాపట్ల సభలో తెలుగు అణగదొక్కబడిన భాష. కొద్ది మైళ్ళవతల అదే తెలుగు, మరొకరి భాషను బయట నిలబెట్టిన బడి భాష. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చెయ్యాలన్నది. 2004లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు బహుభాషా విద్యా పథకం మొదలైనప్పుడు ఎన్నుకున్నవి ఎనిమిది భాషలు. గిడుగు పంతులుగారి సవర వాటిలో వున్నది. ఎరుకల లేదు.

ఈ చర్చలో మన సంఘం వాటా కూడా చెప్పుకోవాలి. 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల మొదటి మహాసభ జరిగినది తెనాలిలోనే. వాడుక భాషను కథకూ వ్యాసానికీ కవితకూ ప్రమాణంగా నిలబెట్టడంలో ఆ తరం చేసిన పని చిన్నది కాదు. తెనాలి మనుషులయిన చక్రపాణీ, కొడవటిగంటి కుటుంబరావూ చందమామ ద్వారా చేసిన పని ఇంకా పెద్దదని నా అభిప్రాయం. 1947లో మొదలైన ఆ పత్రిక చిన్న వాక్యాలతో, పెద్ద బొమ్మలతో, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది నిదానపు చదువరులను నిలబెట్టిందో! బడిలో తల వంచుకు కూర్చున్న పిల్లవాడు ఇంట్లో బేతాళ కథ కూడబలుక్కుంటూ చదవడం నేను చూశాను. ప్రత్యేక విద్య అన్న పేరు లేకుండా జరిగిన ప్రత్యేక విద్య అది.

కాని మనం చేసిన తప్పు కూడా వున్నది. సాహిత్యంలో గెలిచిన భాషావాదాన్ని మనం బడి దాకా తీసుకుపోలేదు. తెలుగు మీడియం కావాలని సభలలో తీర్మానాలు చేస్తూ, మన పిల్లలను కాన్వెంట్లలో చేర్పించాం. కృష్ణా డెల్టా కాలువ నీళ్ళమీద పెరిగిన మధ్యతరగతి, వరి డబ్బుతో మొదట కొన్నది ఇంగ్లీషు చదువు. కూలివాడి పిల్లవాడికి తెలుగు మీడియం సర్కారు బడి మిగిలింది. అటువంటప్పుడు దళిత మేధావులు, "మీ పిల్లలకు ఇంగ్లీషూ మా పిల్లలకు మాతృభాషాభిమానమా?" అని అడిగితే మన దగ్గర ఏ జవాబూ లేకపోయింది. ఆ ప్రశ్న న్యాయమైనది. దాన్ని సామ్రాజ్యవాద భ్రమ అని కొట్టివేసిన వ్యాసాలు మన పత్రికలలోనే వచ్చినవి. అవి చదివిన విద్యార్థులు మనలను నమ్మకపోవడంలో వింత లేదు.

ఆ ప్రశ్న పేరుతోనే 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయమే అడుగుదామన్నది. 17 లక్షలకు పైగా పిల్లల తల్లిదండ్రులకు కాగితం పంచారు. తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం, ఇతర భాషల మీడియం అని అందులో మూడు గడులు. 96 శాతానికి పైగా మొదటి గడిలో టిక్కు పెట్టారు.

ఈ అంకెను చూసి కొందరు సంబరపడ్డారు, కొందరు తలలు బాదుకున్నారు. రెండూ తొందరపాటే. ఆ తల్లిదండ్రులు అజ్ఞానంతో టిక్కు పెట్టారనడం అహంకారం. ఉద్యోగాల బజారులో ఇంగ్లీషు ధర వారికి మనకంటే బాగా తెలుసు. కాని ఆ కాగితంలో లేని గడుల సంగతి ఎవరూ అడగలేదు. ఇంగ్లీషును బాగా నేర్పే తెలుగు బడి కావాలా అన్న గడి లేదు. మీ బిడ్డకు చదవడంలో, వినడంలో, చూడడంలో ఇబ్బంది వున్నదా, వుంటే ఏ భాషలో, ఎవరి సాయంతో నేర్చుకోగలడన్న గడి లేదు. స్టువార్టుపురంలోని తల్లికి మూడవ గడి పేరుకు వున్నది, ఆ గడిలో చేరడానికి బడి లేదు. తల్లిదండ్రులు పోల్చి చూసుకొని ఎంచుకున్నారని మనం అంటున్నాం. కాని పోల్చడానికి వారి ముందు పెట్టిన సరుకులు ఎన్ని?

ఇక్కడ విషయం కొంచెం శాస్త్రంలోకి పోతుంది, పాఠకులు ఓపిక పట్టాలి. తెలుగులో వ్రాసినది వ్రాసినట్టు పలుకుతాం. గుణింతాలూ వత్తులూ కలిపితే వందల ఆకారాలు నేర్చుకోవాలి గనుక మొదట శ్రమ ఎక్కువ, కాని వచ్చిన తరువాత మోసం లేదు. ఇంగ్లీషులో అక్షరాలు 26, మోసాలు అనేకం. పుట్టుకతో చదవడంలో ఇబ్బంది గల పిల్లవాడు, అంటే వైద్యులు డిస్లెక్సియా అనేది వున్నవాడు, తెలుగువంటి లిపిలో నిదానంగానైనా సరిగా చదవగలడు. ఇంగ్లీషులో అతడు తప్పులమీద తప్పులు చేసి నిలిచిపోతాడు. ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటి వున్నది. ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లవాడు ఇంగ్లీషు వాచకం చదవలేకపోతే, అతనికి భాష రాదో, చదవడంలోనే ఇబ్బంది వున్నదో ఉపాధ్యాయురాలు ఎట్లా చెప్పగలదు? తరగతిలో సగంమంది తడబడుతుంటే నిజంగా సాయం కావలసిన ఇద్దరు ఆ గుంపులో కలిసిపోతారు. లేదా రైలులో మొదటి తల్లి చెప్పినట్టు, ఏ లోపమూ లేనివాడి బుర్రలో లోపం కనిపిస్తుంది. బిడ్డకు వచ్చిన భాషలో పరీక్షిస్తే తప్ప లోపం వున్నదీ లేనిదీ తేలదు.

ఈ పొరపాటు ప్రపంచానికి కొత్త కాదు. మనం తెనాలిని ఆంధ్రా పారిస్ అంటాం. అసలు పారిస్‌లో 1905లో ఆల్ఫ్రెడ్ బినే, బడిలో వెనకబడిన పిల్లలలో ప్రత్యేక బోధన ఎవరికి కావాలో కనిపెట్టడానికి ఒక పరీక్ష తయారుచేశాడు. ఉద్దేశం సాయమే. అది అమెరికా చేరేసరికి బుద్ధిని కొలిచే తక్కెడ అయింది. 1913లో, మన బాపట్ల ఏడాదిలోనే, హెన్రీ గాడ్డార్డు అనే మనస్తత్వవేత్త న్యూయార్కు రేవులో దిగిన వలస కూలీలను దానితో కొలిపించాడు. ఇంగ్లీషు రాక, ప్రయాణపు బడలికతో, దుబాసీల ద్వారా జవాబులు చెప్పినవారిలో ఎక్కువమంది మందబుద్ధులని తేల్చాడు. 1970లో కాలిఫోర్నియాలో స్పానిషు మాట్లాడే తొమ్మిదిమంది పిల్లల తరఫున డయానా పేరుతో దావా పడింది. ఇంగ్లీషు పరీక్షతో మందబుద్ధుల తరగతిలో వేసిన ఆ పిల్లలను వారి భాషలో తిరిగి పరీక్షిస్తే చాలామందికి ఆ లోపమే లేదు. పిల్లవాణ్ణి అతని ఇంటిభాషలో పరీక్షించాలన్న నియమం ఆ రాజీతో వచ్చింది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, పఠన లేఖన లోపాలను కూడా కలుపుకొని 21 వైకల్యాలను గుర్తించింది, బడులలో వాటిని కనిపెట్టాలని చెప్పింది. మంచిదే. కనిపెట్టే సాధనం ఏది? జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం భారతీయ భాషలలో డిస్లెక్సియాను గుర్తించే పరీక్షలను 2015లో బయటికి తెచ్చినప్పుడు అవి మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులలో వచ్చినవి. తెలుగు ఆ మొదటి వరసలో లేదు. ప్రాచీన భాష హోదా మనకు 2008లోనే వచ్చింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. హోదా పండితులకు దక్కింది, పరీక్ష పిల్లలకు దక్కలేదు.

వీగోత్‌స్కీని మన అధ్యయన తరగతులలో ఆలోచన–భాష సంబంధం గురించి చెప్పుకుంటాం. ఆయన 1920లలో మాస్కోలో వైకల్యం గల పిల్లలతో చేసిన పని గురించి చెప్పుకోము. కన్ను లేకపోవడం, చెవి లేకపోవడం శరీరానికి సంబంధించిన విషయాలు. వాటివల్ల పిల్లవాడు తోటివారి జీవితంనుంచి బయటపడిపోవడం సామాజిక విషయం, దాన్ని మార్చవచ్చు. ఇది ఆయన పట్టుకున్న సూత్రం. బధిర పిల్లల సైగలను మొదట అంతగా లెక్కచెయ్యని ఆయన, 1930లలో వాటిని భాషగా ఒప్పుకునే వైపు జరిగాడు. తన అభిప్రాయాన్ని తానే దిద్దుకున్న ఆ పద్ధతిని మనం నేర్చుకోవచ్చు.

సైగల భాష చరిత్ర గ్రాంథికవాదానికి అచ్చంగా అద్దం. 1880లో మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తల మహాసభ, బడులలో సైగలు మానిపించి నోటిమాట మాత్రమే నేర్పాలని తీర్మానించింది. ఆ సభలో వోటు వేసినవారిలో దాదాపు అందరూ చెవులు వినపడేవారే! పిల్లల చేతులు కట్టివేసి పెదవులు కదిలించమనే పద్ధతి ప్రపంచమంతా ప్రాకింది. మన దేశపు బడులు కూడా ఆ నీడలోనే పెరిగినవి. 2010లో వాంకూవర్ మహాసభ ఆ తీర్మానాన్ని తిరస్కరించింది. 130 ఏళ్ళు పట్టింది. భారతీయ సంజ్ఞా భాషకు పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో వచ్చింది.

బాపట్లలో బధిర పిల్లల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల వున్నది. రేపల్లె తల్లికి చెప్పినది దాని గురించే. రేపల్లె నుంచి బాపట్లకు తిన్నగా రైలు లేదు, తెనాలి దాకా ఎక్కి మళ్ళీ కిందికి దిగాలి, లేదా బస్సు. ఆమె పోల్చుకోవలసినవి రెండు. ఒక పక్క సొంత వూరి బడి, చట్టం ప్రకారం అక్కడ చేర్చుకోక తప్పదు. మండలానికొకటిగా భవిత కేంద్రం వుంటుంది. అక్కడి రిసోర్సు పర్సన్లు కాంట్రాక్టు జీతాలమీద కేంద్రాన్నీ, బడులనూ, మంచంపట్టిన పిల్లల ఇళ్ళనూ చూసుకోవాలి. వారిలో నేనెరిగిన వారు చేసే చాకిరీ జీతానికి మించినది. ఊరి బడిలో పిల్ల అమ్మ దగ్గరే వుంటుంది. కాని తరగతిలో తన భాష మాట్లాడే మనిషి ఒక్కరూ వుండరు. రెండో పక్క ఆశ్రమ పాఠశాల. అటువంటి బడిలో పిల్లకు తోటి బధిర పిల్లలు దొరుకుతారు, వారి మధ్య చేతుల భాష పెరుగుతుంది. కాని ఇల్లు పోతుంది. ఏడేళ్ళ పిల్లకు భాష కావాలంటే అమ్మను వదులుకోవాలి, అమ్మ కావాలంటే భాషను వదులుకోవాలి. ఇది ఎంపిక అని ఏ సర్వే కాగితంలోనైనా వ్రాయగలరా? అమ్మకే సైగల భాష నేర్పే ఏర్పాటు రేపల్లెలో వుంటే ఈ ప్రశ్నకు పదును తగ్గుతుంది. మద్దతు అనే మాటకు మన పరీక్షల విధానం చెప్పే అర్థం చూడండి. సి. బి. ఎస్. ఇ. నియమాలలో వైకల్యం గల పిల్లలకు ఇచ్చే రాయితీలలో ముఖ్యమైనది ఒక భాషనుంచి మినహాయింపు. పరీక్ష గట్టెక్కడానికి అది అవసరమే, దాన్ని తీసివెయ్యమని నేననను. కాని భాష నేర్పే మనిషిని ఇవ్వడానికి ఖర్చవుతుంది, భాషను మినహాయించడానికి ఏమీ కాదు.

ఆ మనుషుల విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రాథమిక తరగతులలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు ప్రత్యేకోపాధ్యాయులు వుండాలని 2021 అక్టోబరులో చెప్పింది. పోస్టులు నిర్ణయించి భర్తీ చెయ్యమని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. ఉపాధ్యాయ సంఘాలలోని మన మిత్రులు పి. ఆర్. సి. మీద, బదిలీల మీద చేసిన ధర్నాలలో పదో వంతు ఈ నిష్పత్తి మీద చేశారా? మీడియం మీద మనం వ్రాసిన కాగితంలో పదో వంతు దీనిమీద వ్రాశామా? నన్ను కూడా కలుపుకొనే అడుగుతున్నాను.

మీడియం ఏదన్న తగాదాలో కులీనుడూ కూలీ ఎదురెదురుగా నిలబడతారు. ఈ నిష్పత్తికోసం పోరాడితే తెలుగు మీడియం తల్లీ ఇంగ్లీషు మీడియం తల్లీ ఒకే పక్కన నిలబడవలసి వస్తుంది. ఎందుకంటే ఏ మీడియంలోనైనా చిన్నతరగతి పిల్లవాడికి మొదట అర్థమయ్యేది ఇంటిమాటే. ఆ మాటలో పిల్లవాణ్ణి పలకరించి, ఇబ్బంది ఎక్కడున్నదో చూసే శిక్షణ పొందిన మనిషి ఇద్దరికీ కావాలి. ఎరుకల తల్లికి ఎరుకల తెలిసిన మనిషి కావాలి. బధిర పిల్ల తల్లికి చేతులతో మాట్లాడే మనిషి కావాలి.

తెనాలిలో బండి ఆగింది. మొదటి ఆమె దిగబోతూ రెండో ఆమెను, "మీ బడికి ఆ స్పెషల్ టీచరు ఏ వారం వస్తుందక్కా?" అని అడిగింది. రెండో ఆమెకు తెలియలేదు. మూడో ఆమె చెప్పింది: "మా మండలంలో అయితే మా బడి వంతు గురువారం. కిందటి గురువారం రాలా."